ఒక్క ‘గురించి’కి ఎన్ని ఎర్ర సున్నాలు!

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

సొంతూరు చీమకుర్తి దగ్గర పల్లె. నాన్న క్వారీ పనిలో ఉండేవారు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, ఆపైన ఒంగోల్లో బీకాం. మూడేళ్లుగా గ్రానైట్ ఎగుమతి చేసే ఒక ఆఫీసులో డాక్యుమెంటేషన్ సీటు. బ్లాక్ గెలాక్సీ స్లాబులు కొనే విదేశీ పార్టీలకి మెయిల్స్, బ్యాంకుకీ పోర్టుకీ గనుల శాఖకీ ఉత్తరాలు ఆమే రాయాలి. రాయడం నేర్పింది అదే ఆఫీసులో పాతికేళ్లుగా ఉన్న పెద్దాయన. ఆమె ఆయన్ని బాబాయి గారు అంటారు. ‘విత్ రెఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్ అబవ్’ అని మొదలుపెట్టడం ఆయన పద్ధతి, ఈమె పద్ధతీ అదే.

ఆరు నెలల కిందట చెన్నై నుంచి కొత్త మేనేజర్ వచ్చారు. ప్రతి డ్రాఫ్టూ ప్రింట్ తీయించి, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి వెనక్కి పంపుతారు. ఏది తప్పో చుడతారే గానీ ఎందుకు తప్పో చెప్పరు. మొదటి సున్నా ‘డిస్కస్ ఎబౌట్’ మీద పడింది. ‘ఎబౌట్’ అనే మాటే నచ్చలేదేమోనని ఈమె అన్నిచోట్లా ‘రిగార్డింగ్’ పెట్టారు. దానికీ సున్నాలే. ‘డిస్కషన్ ఎబౌట్’కీ, ‘ఇన్ రెస్పెక్ట్ ఆఫ్’కీ కూడా పడ్డాయి. ఒకరోజు ‘విత్ రిగార్డ్స్ టు యువర్ ఆర్డర్’ అని రాస్తే, ఆయన మీటింగులో పైకి చదివి, “రిగార్డ్స్ ఎవరికి చెబుతున్నావమ్మా?” అన్నారు. అందరూ నవ్వారు. దీనికి తోడు, మూడు స్లాబుల్లో మరకలున్నాయని రాసిన ఒక యూరప్ పార్టీకి ఈమె ‘యాజ్ ఫర్ యువర్ కంప్లైంట్’ అని మొదలుపెట్టి జవాబిస్తే, “మా ఇబ్బంది మీకు ఇంత చులకనా?” అని అవతలి నుంచి ఘాటుగా మెయిల్ వచ్చింది.

“ఇప్పుడు మెయిల్ తెరిస్తే చెయ్యి ఆడట్లేదు. ‘గురించి’ అన్న మాట వచ్చేట్టుంటే వాక్యాన్నే తిప్పేస్తున్నాను. దీనికో రూలు చెప్పండి. నేను బాబాయి గారి దారిన పోవాలా, మేనేజర్ దారిన పోవాలా? పన్నెండు వేలు కట్టి స్పోకెన్ ఇంగ్లీషులో చేరనా, డ్రాఫ్టులన్నీ కంప్యూటరుకి అప్పగించనా, లేకపోతే యార్డులో లోడింగ్ పనికి మార్చమని అడగనా?” అని అడిగారు. ఆఖర్లో మాటవరసకి ఇంకో సంగతి రాశారు. కొత్తగా వచ్చిన ఎల్‌సీలో (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే షరతుల ప్రకారం పత్రాలు చూపిస్తే డబ్బు చెల్లిస్తామని కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) ‘ఎబౌట్ 400 స్క్వేర్ మీటర్స్’ అని ఉందట. దీనికీ ఎక్కడ సున్నా పడుతుందోనని, ఆ ‘ఎబౌట్’ తీయించమని కొనేవాళ్లని అడగబోతున్నారట.

అమ్మా, మీరు మాటవరసకి రాసిన సంగతే ముందు. ఆ ‘ఎబౌట్’ జోలికి పోకండి.

మెయిల్లో ‘ఎబౌట్’ అంటే ‘గురించి’. ఎల్‌సీలో అంకె ముందు కూర్చున్న ‘ఎబౌట్’ అంటే ‘సుమారు’. ఇంగ్లీషులో దాని పాత అర్థం ‘చుట్టూ’. విషయం చుట్టూ తిరిగితే గురించి, అంకె చుట్టూ తిరిగితే సుమారు. అయితే బ్యాంకువాళ్లకి ఈ ‘సుమారు’ గాలిమాట కాదు. ఎల్‌సీలన్నీ దాదాపుగా యూసీపీ 600 అనే నియమావళి కింద తెరుస్తారు. అంతర్జాతీయ వాణిజ్య మండలి తయారుచేసిన ఈ నియమాలు 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. మీ ఎల్‌సీలోనూ ఆ పేరు ఉందో లేదో చూసుకోండి. అందులో 30వ ఆర్టికల్ ప్రకారం పరిమాణం ముందు ‘ఎబౌట్’ గానీ ‘అప్రాగ్జిమేట్లీ’ గానీ ఉంటే 10 శాతం ఎక్కువా తక్కువా చెల్లుతుంది. అంటే మీరు 360 చదరపు మీటర్ల నుంచి 440 దాకా ఎంత పంపినా పత్రాలు నిలుస్తాయి. ఆ మాట తీయించారనుకోండి, అదే ఆర్టికల్ కింద మిగిలేది 5 శాతమే, 380 నుంచి 420 దాకా. అదీ లెక్క చదరపు మీటర్లలో ఉంది కాబట్టి. ఇన్ని స్లాబులు, ఇన్ని బండిల్స్ అని విడి వస్తువుల లెక్కలో రాసి ఉంటే ఆ 5 శాతం కూడా ఉండదు. కటింగులో ఒక బ్లాకు పగుళ్లు చూపించి 25 మీటర్లు తగ్గిపోతే మిమ్మల్ని కాపాడేది ఆ ఒక్క మాటే.

మీరు చూడాల్సింది ఇంకోటుంది. ‘ఎబౌట్’ ఏ అంకె ముందుంటే ఆ అంకెకే వర్తిస్తుంది. పరిమాణం ముందు ఉండి, డబ్బు అంకె ముందు లేకపోతే, 440 మీటర్లు పంపొచ్చు గానీ ఎల్‌సీలో రాసిన మొత్తానికి మించి ఒక్క డాలరు కూడా రాదు. అమెండ్‌మెంట్, అంటే ఎల్‌సీలో మార్పు, అడగాలనే ఉంటే ఆ మొత్తానికీ ‘ఎబౌట్’ చేర్చమని అడగండి, అది మీకు లాభం. తేదీ ముందు ‘ఆన్ ఆర్ ఎబౌట్ 15 జూన్’ అని కనపడితే దానికి మళ్లీ వేరే లెక్క, 3వ ఆర్టికల్‌ది: జూన్ 10 నుంచి 20 దాకా, రెండు చివరి రోజులూ కలుపుకుని.

ఇక సున్నాల సంగతి. మీరు వాటన్నిటినీ ఒకే గంపలో వేసుకుని భయపడుతున్నారు. అవన్నీ ఒక జాతివి కావు. ఒకటి వ్యాకరణం తప్పు, ఒకటి ఒక్క అక్షరం తేడా, ఒకటి బద్ధకం, ఒకటి స్వరం బాగోకపోవడం. కొన్నయితే మేనేజరు గారిదే పొరపాటు.

‘డిస్కస్ ఎబౌట్’ వ్యాకరణం తప్పు. తెలుగు మీడియం వాళ్లకే ఇది ఎందుకు జారిపోతుందో మన విభక్తుల్లోనే ఉంది. బళ్లో వల్లెవేసింది గుర్తు తెచ్చుకోండి: డు, ము, వు, లు ప్రథమా విభక్తి; ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి. ‘ని’, ‘గురించి’ మనకి ఒకే వరసలో కూర్చున్నాయి. అందుకే ‘ధరని చర్చించాం’ అన్నా ‘ధర గురించి చర్చించాం’ అన్నా మన చెవికి తేడా లేదు. ఇంగ్లీషు ‘డిస్కస్’ మటుకు ‘ని’నే ఒప్పుకుంటుంది, ‘గురించి’ని ఒప్పుకోదు. అక్కడ ‘ని’కి విడిగా మాట లేదు, క్రియ పక్కన నామవాచకాన్ని పెడితే చాలు. ‘వీ డిస్కస్డ్ ది ప్రైస్.’ అంతే.

కాబట్టి మీరడిగిన రూలుకి దగ్గరగా వచ్చేది ఇది. క్రియ పక్కన ‘ఎబౌట్’ పెట్టబోయే ముందు తెలుగులో ‘దాన్ని’ అని పలికి చూడండి. దాన్ని చర్చించాం, దాన్ని వివరించాం, దాన్ని ప్రస్తావించాం, దాన్ని పరిశీలించాం అనొచ్చు. అందుకే ‘డిస్కస్’, ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘మెన్షన్’, ‘కన్సిడర్’ తర్వాత ‘ఎబౌట్’ రాదు. ‘దాన్ని మాట్లాడాం’, ‘దాన్ని ఫిర్యాదు చేశాం’, ‘దాన్ని బాధపడ్డాం’ అనలేం. అందుకే ‘టాక్ ఎబౌట్’, ‘కంప్లైన్ ఎబౌట్’, ‘వర్రీ ఎబౌట్’. ఈ పరీక్ష రెండు మూడు చోట్ల తప్పుతుంది. ‘దాన్ని విచారించాం’ అని మనం అంటాం గానీ ఇంగ్లీషులో ‘ఎన్‌క్వయిర్ ఎబౌట్’ అనే అనాలి. ‘దాన్ని అడిగాం’ కూడా అంతే, ‘ఆస్క్ ఎబౌట్’. ఆ రెండూ విడిగా గుర్తుపెట్టుకోండి. మిగతా చోట్ల మీ ఆఫీసు పనికి ఇది సరిపోతుంది.

ఇదంతా క్రియలకే. నామవాచకం అయ్యేసరికి ‘గురించి’ తిరిగొస్తుంది. ‘డిస్కస్’కి వద్దు, ‘డిస్కషన్’కి కావాలి: ‘అవర్ డిస్కషన్ ఎబౌట్ ది ప్రైస్’ నిక్షేపంగా సరైన ఇంగ్లీషు. దాని మీద సున్నా చుట్టింది మేనేజరు గారి తొందర. ‘మెన్షన్ ఎబౌట్’ తప్పు, ‘మెన్షన్ ఆఫ్’ నామవాచకంగా ఒప్పు. ‘రిక్వెస్ట్’ కూడా ఇదే కుటుంబం. ‘వీ రిక్వెస్ట్ ఫర్ పేమెంట్’ కాదు, ‘వీ రిక్వెస్ట్ పేమెంట్’. నామవాచకమైతే ‘అవర్ రిక్వెస్ట్ ఫర్ పేమెంట్’.

‘విత్ రిగార్డ్స్ టు’ దగ్గర నడుమనున్న ఒక్క ‘స్’ మిమ్మల్ని నవ్వులపాలు చేసింది. ‘రిగార్డ్’ అంటే దృష్టి, ‘రిగార్డ్స్’ అంటే నమస్కారాలు, మెయిల్ అడుగున పెట్టేవి. అందుకని ‘విత్ రిగార్డ్ టు’, ‘ఇన్ రిగార్డ్ టు’, రెంటికీ ‘స్’ లేదు. ‘యాజ్ రిగార్డ్స్’కి మటుకు ఉంది, కారణం అక్కడ అది క్రియ. తర్వాత ‘టు’ కూడా రాదు: ‘యాజ్ రిగార్డ్స్ పేమెంట్’. ఈ మూడింటినీ కలిపేసి ‘విత్ రిగార్డ్స్ టు’ అని రాసేవాళ్లు ఇంగ్లీషు పుట్టిన దేశంలోనూ కొల్లలు. దీనికి మీటింగు పెట్టి నవ్వాల్సినంత ఏమీ లేదు. అసలు మీ మెయిల్లో ఆ మూడూ అక్కర్లేదు. ‘ఎబౌట్’ అనే ఒక్క మాట సరిపోయే చోట మూడు మాటలు ఎందుకు మోయాలి?

ఇప్పుడు ‘రిగార్డింగ్’. మాట తప్పు కాదు. తప్పల్లా దాన్ని అన్నిటికీ జిందా తిలిస్మాత్‌లా వాడటంలో ఉంది. మీరు పంపిన డ్రాఫ్టుల్లో ఒక వాక్యం తీసుకుందాం: ‘వీ ఆర్ రైటింగ్ రిగార్డింగ్ ది డ్యామేజ్ రిగార్డింగ్ త్రీ స్లాబ్స్ రిగార్డింగ్ ది సెకండ్ కంటైనర్.’ మీ బుర్రలో ఉన్న తెలుగు వాక్యం నాకు వినపడుతోంది: రెండో కంటైనరుకి సంబంధించిన మూడు స్లాబులకి సంబంధించిన డ్యామేజీకి సంబంధించి రాస్తున్నాం. మన ‘సంబంధించిన’ ఏ రెండు వస్తువులనైనా అతికిస్తుంది. ఇంగ్లీషులో ఒక్కో నామవాచకానికి ఒక్కో సొంత జిగురు ఉంటుంది. ‘డ్యామేజ్’కి ‘టు’. ‘డిలే’కి ‘ఇన్’. ‘ఇంక్రీజ్’కి, ‘డిక్రీజ్’కి కూడా ‘ఇన్’. ‘పేమెంట్’కీ ‘రీజన్’కీ ‘ఫర్’. ‘రిప్లై’కి ‘టు’. ‘రిపోర్ట్’కి ‘ఆన్’. ‘డిస్‌ప్యూట్’కి ‘ఓవర్’. వస్తువు ఎక్కడుందో చెప్పాలంటే మామూలు ‘ఇన్’. అప్పుడా వాక్యం ఇలా అవుతుంది: ‘వీ ఆర్ రైటింగ్ ఎబౌట్ ది డ్యామేజ్ టు త్రీ స్లాబ్స్ ఇన్ ది సెకండ్ కంటైనర్.’ మూడు ‘రిగార్డింగ్’లు పోయి ఒక్క ‘ఎబౌట్’ మిగిలింది, అదీ ‘రైట్’ అనే క్రియకి కావాల్సినది. మేనేజరు గారు చుట్టిన సున్నాల్లో ఎక్కువ ఇవే అయ్యుంటాయి. చుట్టడంతో పాటు పక్కన ‘టు’ అనో ‘ఇన్’ అనో రెండక్షరాలు రాసుంటే మీకు ఈ ఉత్తరం రాసే పని తప్పేది.

ఈ జిగుర్లని బట్టీ పట్టక్కర్లేదు. మీ పనిలో తిరిగి తిరిగి వచ్చే నామవాచకాలు ఇరవై ఉంటాయి: డ్యామేజ్, డిలే, బ్యాలెన్స్, డిస్కౌంట్, క్లెయిమ్, ఇన్‌స్పెక్షన్, ఛేంజ్, ఇలాంటివి. ఒక కాగితం మీద వాటి పక్కన వాటి జిగురు రాసి మానిటర్ కింద అంటించండి. అనుమానం ఉన్న వాటికి ఏ మంచి డిక్షనరీ అయినా ఉదాహరణ వాక్యం ఇస్తుంది. అక్కడ చూడాల్సింది మాట అర్థాన్ని కాదు, ఆ ఉదాహరణని.

‘యాజ్ ఫర్’ది వ్యాకరణం గొడవ కాదు, స్వరం గొడవ. తెలుగులో పెద్దమనిషొకరు మీ ముందు కూర్చుని, “ఇక మీ ఫిర్యాదు సంగతంటారా...” అని మొదలుపెడితే ఎలా ఉంటుంది? ముఖ్యమైనవన్నీ అయిపోయాయి, మిగిలిన తోక ఇది అన్నట్టు లేదూ? ‘యాజ్ ఫర్’ అచ్చంగా అదే. వరసగా కొన్ని చెప్పి, చివరిదానికి మళ్లేటప్పుడు బాగుంటుంది: మొదటి రెండు కంటైనర్లు సోమవారం బయల్దేరతాయి, ‘యాజ్ ఫర్ ది థర్డ్’, పాలిష్ ఇంకా అవుతోంది. మొదటి వాక్యంలో, అదీ అవతలివాడి నష్టం ముందు పెడితే చేదుగా తగులుతుంది. ఆ యూరప్ పార్టీకి మళ్లీ రాయాల్సొస్తే ‘గురించి’ అన్న అర్థం వచ్చే మాటే లేకుండా మొదలుపెట్టొచ్చు: ‘థ్యాంక్యూ ఫర్ ది ఫొటోగ్రాఫ్స్ ఆఫ్ ది త్రీ స్లాబ్స్. వీ కెన్ సీ ది స్టెయిన్స్.’ ఫొటోలు చూశాం, మరకలు కనపడుతున్నాయి అని. దాని తర్వాత బండిల్ నంబర్లు అడగండి. విషయాన్ని ప్రకటించడం మాని విషయంలోకే దిగితే సగం చోట్ల ఈ మాటలతో పనే పడదు.

‘ఇన్ రెస్పెక్ట్ ఆఫ్’ మీద చుట్టిన సున్నా గురించి మీకూ ఆయనకీ సగం సగం మార్కులు. ఇందులో ‘రెస్పెక్ట్’ అంటే గౌరవం కాదు. మర్యాదగా ఉంటుందని దీన్ని వాడేవాళ్లు మన దగ్గర చాలామంది. ఇది బ్రిటిష్ వ్యవహారంలో, అందులోనూ ఇన్సూరెన్సు, చెల్లింపులు, దావాల కాగితాల్లో వాడే మాట. ఫలానా దానికి గాను అని అర్థం. విరిగిన మూడు స్లాబులకి గాను ఇన్సూరెన్సు కంపెనీని పరిహారం అడిగేటప్పుడు ‘క్లెయిమ్ ఇన్ రెస్పెక్ట్ ఆఫ్ త్రీ స్లాబ్స్’ సరిగ్గా దాని చోటు. అమెరికా పార్టీకి ఇది కొత్తగా కనపడుతుంది, వాళ్లు ‘విత్ రెస్పెక్ట్ టు’ అంటారు. లెక్కల మాస్టారు ‘డిఫరెన్షియేట్ విత్ రెస్పెక్ట్ టు ఎక్స్’ అనేది కూడా ఆ మాటే, దేన్ని బట్టి అని. జతలు మార్చకండి: ‘ఇన్’తో ‘ఆఫ్’, ‘విత్’తో ‘టు’.

‘కన్సర్నింగ్’ వాడటం మీకు అలవాటు లేదన్నారు, మంచిదే. దాని అన్నదమ్ముడు ‘కన్సర్న్డ్’ మటుకు మన ఆఫీసుల్లో రోజూ తిరుగుతుంటాడు. ‘ది కన్సర్న్డ్ ఆఫీసర్’ అంటే బయటివాళ్లకి దిగులుగా ఉన్న ఆఫీసరు. సంబంధిత అధికారి అనాలంటే ‘ది ఆఫీసర్ కన్సర్న్డ్’ అని వెనక పెట్టాలి. ‘కన్సర్న్డ్ ఎబౌట్’ అంటే ఆందోళన, ‘కన్సర్న్డ్ విత్’ అంటే ఆ పనికి సంబంధించినది.

సబ్జెక్ట్ లైన్‌లో ‘గురించి’ అర్థం వచ్చే మాట ఏదీ వద్దు. సబ్జెక్ట్ అంటేనే అది. ‘సెకండ్ కంటైనర్: త్రీ స్టెయిన్డ్ స్లాబ్స్’ చాలు. మన సర్కారీ ఉత్తరాల్లో విషయం చివర గీత పెట్టి ‘రెగ్’ అని రాయడం ఉంది కదా, అది బయటి దేశాలవాళ్లకి తెలియదు. ‘రీ’ అనేది ‘రిగార్డింగ్’కి పొట్టిరూపం అని చాలామంది అనుకుంటారు, కాదు. లాటిన్ మాట, ఫలానా విషయంలో అని. కోర్టు తీర్పుల పేర్లలో ‘ఇన్ రీ’ అని కనపడేది అదే. జవాబు కొడితే కంప్యూటరే దాన్ని పెడుతుంది. కొత్త మెయిల్‌కి మీరు చేత్తో పెడితే, ముందు మెయిల్ ఏదో తప్పిపోయిందని అవతలివాళ్లు వెతుక్కుంటారు.

చిన్న ‘ఆఫ్’, ‘ఎబౌట్’ మధ్య తేడాతో అర్థమే మారిపోయే చోట్లు మూడు ఉన్నాయి. ‘వీ హావ్ హర్డ్ ఆఫ్ యువర్ కంపెనీ’ అంటే పేరు విన్నాం. ‘హర్డ్ ఎబౌట్’ అంటే సంగతులు కూడా విన్నాం, మంచివో చెడ్డవో. ‘రిమైండ్ ఎబౌట్ ది బిల్’ అంటే బిల్లు సంగతి గుర్తుచేయడం. ‘హీ రిమైండ్స్ మీ ఆఫ్ మై ఫాదర్’ అంటే ఆయన్ని చూస్తే నాన్న గుర్తొస్తారని. ‘కంప్లైన్ ఆఫ్’ ఒంట్లో నొప్పులకి, ‘కంప్లైన్ ఎబౌట్’ సరుకుకి.

మాటల లెక్క అయింది. మనుషుల లెక్క చూద్దాం.

బాబాయి గారి దారా, మేనేజరు దారా అన్న ప్రశ్న అక్కర్లేదు. ఇద్దరూ వేరే వేరే ఉత్తరాల సంగతి మాట్లాడుతున్నారు. గనుల శాఖకీ, పోర్టుకీ, బ్యాంకుకీ రాసేది ఫైల్లో పడే ఉత్తరం. అక్కడ విషయం, సూచిక, ‘విత్ రెఫరెన్స్ టు యువర్ లెటర్’ అన్న వరస ఉంటేనే గుమాస్తాకి పాత కాగితం చేతికి తగులుతుంది. అందులో ‘విత్ రెఫరెన్స్ టు’ తన అసలు పని చేస్తోంది, ఒక పాత కాగితాన్ని వేలుపెట్టి చూపించడం. ఆ పద్ధతిని అలాగే ఉంచండి. ‘ది సబ్జెక్ట్ సైటెడ్ అబవ్’ బదులు ఉత్తరం నంబరూ తేదీ రాస్తే ఇంకా మేలు. కొనేవాళ్ల మెయిల్‌కి ఈ చట్రం తొడిగితే బిగుసుకుపోతుంది, అక్కడ ఎబౌట్, ఆన్, లేదా ఏమీ లేకపోవడం. ఇలా రెండుగా విడదీస్తే బాబాయి గారి మాటా పోదు, ఆయన నేర్పింది మీరు పారేసినట్టూ ఉండదు. కాకపోతే ఏ ఉత్తరం ఏ జాతిదో ప్రతిసారీ మీరు ఆలోచించాలి, కొన్నాళ్లు తడబాటు తప్పదు. అలా కాకుండా అన్నిటికీ మేనేజరు పద్ధతే పట్టుకుంటే సున్నాలు త్వరగా తగ్గుతాయి గానీ, ఒకటి రెండు సర్కారీ ఉత్తరాలు సూచిక లేదని తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

మేనేజరు గారితో మాట్లాడే దారి ఇంకోటుంది. ఆరు నెలల సున్నాలన్నీ దగ్గరేసుకుని, పైన చెప్పినట్టు రకాలుగా విడదీసి, ఒక్క కాగితం మీద రాయండి. గంట పని. అది పట్టుకుని ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, “సార్, మీరు చుట్టినవన్నీ రాసుకొచ్చాను. వీటిలో తప్పులేవో, తప్పు కాకపోయినా మీకు నచ్చనివేవో చెబితే మళ్లీ రాకుండా చూసుకుంటాను. మీటింగులో కాకుండా ఇలా విడిగా చెబితే నాకు త్వరగా పడుతుంది” అనండి. ‘డిస్కషన్ ఎబౌట్’ ఒప్పే అని వాదించడానికి మొదటి రోజే దిగకండి. ఆ కాగితంలో ప్రశ్నగుర్తు పెట్టి ఉంచితే ఆయనే డిక్షనరీ తీస్తారు. ఆయన ఆ కాగితాన్ని ఒప్పుకుంటే అదే మీ ఆఫీసు నియమావళి అయిపోతుంది, మీ తర్వాత వచ్చేవాళ్లకీ పనికొస్తుంది. ఒప్పుకోకుండా విసుక్కున్నా, ఏది తప్పు ఏది ఆయన ఇష్టం అనేది మీకు తేలుతుంది. ఏమీ అడగకుండా ఓర్చుకోవడం కూడా ఒక దారే. దాని ఫలితం మీరిప్పుడు చూస్తున్నారు, వాక్యాలు తిప్పుకుంటూ పోవడం, చివరికి ఎల్‌సీలో పనికొచ్చే మాటని తీసేద్దామనుకోవడం.

కంప్యూటరుకి అప్పగిస్తే ‘డిస్కస్ ఎబౌట్’, ‘విత్ రిగార్డ్స్ టు’ లాంటివి అది దిద్దుతుంది, అందుకు తప్పకుండా వాడండి. ఆ యూరప్ పార్టీ కోపంగా ఉన్నాడో లేదో దానికి మీరు చెబితేనే తెలుస్తుంది. ఎల్‌సీ మాటలున్న మెయిల్‌ని అది నునుపుగా తిరగరాసిందంటే, ‘ఎబౌట్’ పోయి ఇంకేదో మాట వచ్చి కూర్చుంటుంది. అంకెలూ తేదీలూ ఉన్న వాక్యాలు దాని చేతికి ఇవ్వకండి, ఇచ్చినా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడండి.

స్పోకెన్ ఇంగ్లీషు మీకు మాట్లాడే ధైర్యం ఇస్తుందేమో గానీ, మీ ఇబ్బంది రాతలో ఉంది. డబ్బు కట్టే ముందు వాళ్లకి మీ మెయిల్ ఒకటి, పేర్లూ అంకెలూ చెరిపేసి, ఇచ్చి దిద్దమనండి. ‘డ్యామేజ్ రిగార్డింగ్’ని ‘డ్యామేజ్ టు’ చేసి, ఎందుకో చెప్పగలిగితే చేరండి. ఇంకో పాఠ్యపుస్తకం చేతిలో పెట్టి మొదటి పేజీ నుంచి మొదలెడదాం అంటే ఆ పన్నెండు వేలు ఉంచుకోండి.

యార్డు పని తక్కువదేం కాదు, ఎండ దెబ్బ తప్ప. మీకు స్లాబుల గ్రేడింగు మీద నిజంగా ఇష్టం ఉంటే అడగండి. సున్నాలకి జడిసి అయితే ఒక నెల ఆగి చూడండి. ఈ నెలలో పంపిన మెయిల్స్‌లో ఇరవై ప్రింట్ తీసి, ‘గురించి’ అర్థం వచ్చే ప్రతి మాట కిందా గీత గీయండి. ఒక్కోదానికీ, ఇది క్రియ పక్కన ఉందా, నామవాచకం పక్కన ఉందా, తీసేస్తే వాక్యం నిలుస్తుందా అని అడగండి. రోజుకి రెండు మెయిల్స్ చొప్పున పది రోజుల్లో అయిపోతుంది. ఎర్ర పెన్ను వద్దు, పెన్సిల్ చాలు.

ఎల్‌సీ మెయిల్ మీరు ఇప్పటికే పంపేసి ఉంటే కంగారుపడకండి. అమెండ్‌మెంట్ వచ్చినా అది మీవాళ్లు ఒప్పుకుంటే తప్ప మీ మీద చెల్లదు, పాత షరతులే నిలుస్తాయి. అది వచ్చిన రోజే ఒప్పుకోవడం లేదని బ్యాంకుకి రాసిచ్చేయండి. ఆ ఉత్తరం మటుకు బాబాయి గారి పద్ధతిలోనే, ఎల్‌సీ నంబరుతో, తేదీతో, ‘విత్ రెఫరెన్స్ టు’ అని మొదలుపెట్టి.